ట్రైకోడెర్మా, వ్యామ్: ఒకే డ్రమ్ములో కలిపి డబ్బులు పోగొట్టుకోకండి

మిరప నారు పోసే రోజులు దగ్గర పడ్డాయి. ట్రైకోడెర్మా, వ్యామ్ రెండూ ఒకే పంటకు ఎలా వాడాలో ఈ వీడియోలో చేసి చూపించాను. అందులో చెప్పలేకపోయిన వివరాలు ఇక్కడ రాస్తున్నా.

ముందు నా తప్పు చెప్తాను. మొదటిసారి రెండు ప్యాకెట్లూ తెచ్చి, 200 లీటర్ల డ్రమ్ములో బెల్లం నీళ్లు పోసి కలిపేశాను. జీవామృతం లాగే ఇవీ పెరుగుతాయిలే అనుకున్నా. వారం తర్వాత మొక్కల మొదళ్లలో పోశాను. ఆ ఏడు ఎండు తెగులుకు సాళ్లకు సాళ్లే పోయాయి. డిప్లొమాలో చదువుకున్న విషయమే, పొలంలోకి వచ్చాక మర్చిపోయాను.

రెండిటి స్వభావం వేరు

ట్రైకోడెర్మా ఎరువు మీద, కుళ్ళే చెత్త మీద బతుకుతుంది. ఎండు తెగులు, నారుకుళ్ళు తెచ్చే శిలీంధ్రాలను చుట్టుకుని తినేస్తుంది. దీన్ని పశువుల ఎరువులో మనమే పెంచుకోవచ్చు.

వ్యామ్ అంటే మైకోరైజా. బతికున్న వేరు దొరికితేనే పెరుగుతుంది. వేరు నుంచి చక్కెర తీసుకుని, వేరు అందుకోలేని చోటు నుంచి భాస్వరం, జింకు తెచ్చిస్తుంది. భాస్వరం నేలలో పెద్దగా కదలదు కాబట్టి ఈ సాయం చాలా విలువైంది. బెల్లం నీళ్లలో గానీ, ఎరువు కుప్పలో గానీ వ్యామ్ పెరగదు. నా డ్రమ్ములో వ్యామ్ డబ్బులు అలాగే పోయాయి. అందుకే ఈ రెండిటినీ మొక్క వేరు దగ్గరే కలపాలి.

ఎలా వాడాలి?

1. ఎకరానికి 90 కిలోల బాగా మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేప పిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి పొడి కలపండి. నీళ్లు చల్లి, నీడలో కుప్ప వేసి, తడి గోనె పట్టాలు కప్పండి. పిడికిట్లో పిండితే ముద్ద కావాలి, నీళ్లు కారకూడదు. మధ్యలో ఒకసారి తిరగేయండి. 7 నుంచి 10 రోజుల్లో తెల్లటి బూజు వచ్చి పచ్చగా మారుతుంది. పచ్చి పేడ వాడొద్దు, వేడెక్కుతుంది.

2. వ్యామ్‌ను నారుమడిలో విత్తనం సాలు అడుగున పలుచగా వేసి, కొంచెం మట్టి కప్పి, పైన విత్తనం వేయండి. వేరు దాని మీదుగా దిగాలి. నారు కొనేవాళ్లు నాటేటప్పుడు గుంతలో వేరుకు తగిలేలా వేయండి. మోతాదు ప్యాకెట్‌కో రకంగా ఉంటుంది, చదివి వేయండి.

3. మాగిన ట్రైకోడెర్మా ఎరువును నాటే ముందు, నేలలో పదును ఉన్నప్పుడు సాళ్లలో వేయండి.

జాగ్రత్తలు

- రంగు పూసిన విత్తనానికి శిలీంధ్రనాశిని పట్టించి ఉండొచ్చు. దానికి ట్రైకోడెర్మా పట్టించొద్దు.
- ప్రకృతి సేద్యంలోకి కొత్తగా వస్తున్నవాళ్లు డీఏపీ, కార్బెండజిమ్ ఆపాకే ఇవి మొదలుపెట్టండి. భాస్వరం ఎక్కువైతే వ్యామ్ వేరుకు సరిగా పట్టదు. కార్బెండజిమ్ ట్రైకోడెర్మాను చంపేస్తుంది.
- క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవాలు, పాలకూరకు వ్యామ్ కొనొద్దు. వాటి వేర్లకు అది పట్టదు.
- పంట తీశాక నేలను ఖాళీగా వదలొద్దు. జొన్న, మొక్కజొన్న, నవధాన్యాలు ఉంటే వ్యామ్‌కు వేరు దొరుకుతుంది.
- నీళ్లు నిలిచే చేలో ఎన్ని వేసినా వేరు కుళ్ళు ఆగదు. ముందు మురుగు కాలువ తీయండి.

పనిచేసిందని ఎలా తెలుస్తుంది?

వేరులో వ్యామ్ కంటికి కనిపించదు, మైక్రోస్కోప్ కావాలి. మనకున్న దారి ఒక్కటే: రెండు సాళ్లు ఏమీ వేయకుండా వదిలేయడం. పోయిన ఏడు నేను వదిలిన సాళ్లలోనే ఎండిన మొక్కలు ఎక్కువ కనిపించాయి. ఒక్క పంట చూసి ఇంత దిగుబడి పెరిగిందని లెక్క చెప్పను. ఈసారి కూడా రెండు సాళ్లు వదులుతున్నా. కోతలప్పుడు పక్కపక్కనే చూపిస్తాను, మీరే తేల్చండి.