మీకు తెలుసా? గోదావరి లోయలో జురాసిక్ పళ్లు!

భూపాలపల్లి జిల్లా కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే మహారాష్ట్రలోని సిరొంచ. అక్కడి కోట గ్రామం పేరే జురాసిక్ కాలపు ‘కోట’ శిలలకు వచ్చింది. ఇవి తెలంగాణలోనూ ఉన్నాయి.

• ఈ శిలల్లో దొరికిన పన్ను ఆధారంగా 1981లో పి.ఎం. దత్తా ఓ ఆదిమ క్షీరదానికి ‘కోటాథీరియం హాల్డేనీ’ అని పేరుపెట్టారు.

• మరో ఆదిమ క్షీరదం ‘పైకసిగూడోడాన్ యాదగిరీ’ పేరులో పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని పైకసిగూడెం, శాస్త్రవేత్త పి. యాదగిరి పేర్లు రెండూ ఉన్నాయి.

• శరీరంలో అన్నిటికన్నా గట్టిది పంటి పింగాణి పొర. అందుకే ఎముకలు శిథిలమైనా పళ్లు మిగులుతాయి.

• పంటి వేరుపై సిమెంటం వలయాలు క్షీరదం వయసు చెబుతాయి. పొడవాటి ఎముకల చివర మృదులాస్థి పలక ఉంటే ఆ జంతువు ఇంకా ఎదుగుతున్నట్టే.

రాళ్లలో పన్నులాంటిది కనిపిస్తే పెకలించకండి. ఫొటో తీసి భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జీఎస్‌ఐకి తెలియజేయండి.