మసాలా ఊరూరికీ వేరు, బొగ్గు మాత్రం ఒకటే

పుదుచ్చేరి నుంచి యానాం మీదుగా మారేడుమిల్లి దాకా కాల్చిన మాంసం రుచుల వెంట ఓ ప్రయాణం. జాలీ మీదున్న కోడి కంటే దాని కింది నిప్పుకే కథ ఎక్కువ

సాయంత్రం ఆరు దాటిందంటే ముదలియార్‌పేటలో కడలూరు రోడ్డు వాసన మారిపోతుంది. పగలంతా డీజిల్ పొగ. దీపాలు వెలిగాక అల్లం వెల్లుల్లి, కాలుతున్న కొవ్వు. అద్దాల పెట్టెలో ఊచకు గుచ్చిన కోళ్లు గ్యాసు మంట ముందు గిరగిరా తిరుగుతుంటాయి. పక్క దుకాణంలో ఇనుప తొట్టి నిండా బొగ్గులు, పైన జాలీ, జాలీ మీద నిలువునా చీల్చి పరిచిన కోడి. దాని పేరు అల్ ఫహామ్. అరబ్బీలో 'ఫహమ్' అంటే బొగ్గే. గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లు కేరళకు తెస్తే అక్కణ్నుంచి దక్షిణాది అంతా పాకిన ఈ వంటకం తన పేరులోనే ఇంధనాన్ని చెప్పుకుంటోంది. తినేవాళ్లు మాత్రం అడిగేది మసాలా గురించే: పెప్పరా, పెరి పెరియా?

బొగ్గు గురించి అడిగితే దారి చాలా దూరం పోతుంది. ముదలియార్‌పేట, యానాం ఒకే కేంద్రపాలిత ప్రాంతంలోని రెండు ముక్కలు. మధ్యలో తమిళనాడు, ఆంధ్రప్రదేశ్‌ల మీదుగా 800 కి.మీ. పైచిలుకు రోడ్డు. యానాం దగ్గర ఆగకుండా గోదావరి ఎగువకు, రంపచోడవరం ఏజెన్సీలోని మారేడుమిల్లి దాకా వెళ్తే నిప్పు మీద మాంసం వండే పద్ధతులు కనీసం అరడజను తగులుతాయి.

అమెరికన్లకు ఇలాంటి ప్రయాణం ఓ సరదా. కరోలినాలో వెనిగర్ పులుపుతో పంది మాంసం, మెంఫిస్‌లో పొడి మసాలా పట్టించిన పక్కటెముకలు, కాన్సస్ సిటీలో టమోటా, బెల్లం పాకం కలిసిన సాసు, టెక్సాస్‌లో గంటల తరబడి పొగలో మగ్గిన గొడ్డు మాంసం. ఎవరిది అసలైన బార్బెక్యూ అన్న తగవు అక్కడ ఎన్నటికీ తెగదు. ఆ మాట మాత్రం అమెరికన్లది కాదు. కరీబియన్ దీవుల టైనో తెగవారు కర్రల మంచె కట్టి, కింద నిప్పు పెట్టి మాంసం కాల్చేవారు. వారి మాటను స్పానిష్ వలసదారులు 'బార్బకోవా' అన్నారు. అదే బార్బెక్యూ అయింది.

తెలుగులో ఈ పనికి ఒకే మాట లేకపోవడం గమనించదగ్గది. నిప్పుల మీద పెడితే కాల్చడం. కుమ్ములో కప్పెడితే తంపట వేయడం. మంటకు చూపి బొచ్చు పోగొడితే కమర్చడం. నాటుకోడిని ఈకలు పీకి, ఎండుగడ్డి మంట మీద అటూ ఇటూ తిప్పి, పసుపు రాసి కడిగితేనే కూరకు ఆ రుచి వస్తుందని కోస్తాలో, తెలంగాణలో పెద్దవాళ్లు ఇప్పటికీ పట్టుబడతారు. మేక తల, కాళ్లదీ అదే దారి. అంటే మన దగ్గర నిప్పు సగం పనే చేస్తుంది, మిగతా సగం పులుసు చేస్తుంది. కాల్చిందాన్ని కాల్చినట్టే తినడం మనకు పొలం గట్టు మీది అలవాటు. పీతలు, ఎండు చేపలు, తేగలు, మొక్కజొన్న పొత్తులు. హోటల్ మెనూకు అది ఎక్కింది ఈమధ్యనే.

పుదుచ్చేరి దాటి తూర్పు తీర రహదారి ఎక్కితే మరక్కాణం ఉప్పు మళ్లు, ఆపైన మహాబలిపురం. చెన్నైలో ఆగాల్సిన పని లేదు. అక్కడ దొరికే కబాబులు దేశంలోని ఏ నగరంలోనైనా దొరుకుతాయి. బల్ల మధ్యలోనే నిప్పుల కుంపటి పెట్టి, ఎంత తిన్నా ఒకే ధర అనే గొలుసుకట్టు హోటళ్లు 2000ల మధ్య నుంచి నగరాల్లో వెలిశాక కబాబుకు ఊరు లేకుండా పోయింది.

తడ దాటి సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు మీదుగా నెల్లూరు వైపు సాగేకొద్దీ రోడ్డు పక్క ఒక చెట్టు వదలకుండా వెంట వస్తుంది. గుబురుగా, ముళ్లతో, నీళ్లు లేకపోయినా పచ్చగా ఉంటుంది. మనవాళ్లు సర్కారు తుమ్మ అంటారు, తమిళులు సీమ కరువేలం అంటారు. వృక్షశాస్త్రంలో ప్రోసోపిస్ జూలీఫ్లోరా. పేరులో సర్కారు ఊరకే చేరలేదు. వంటచెరకు కరువు తీర్చడానికి 1876లో మద్రాసు రాష్ట్ర అటవీ అధికారి బెడ్డోమ్ ఈ విత్తనాల కోసం రాయగా, 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. భారతదేశంలో ఆ చెట్టుకు అదే తొలి అడుగని అటవీ గ్రంథాలు చెబుతాయి. విత్తనాలు వచ్చింది జమైకా నుంచి. బార్బెక్యూ అనే మాట పుట్టిన కరీబియన్ నుంచే మన బొగ్గు చెట్టూ వచ్చిందన్నమాట. టెక్సాస్ వంటవాళ్లు మాంసానికి పొగ వాసన పట్టించడానికి ఎంతో ఇష్టంగా వాడే మెస్కీట్ కర్ర కూడా దీని దగ్గరి బంధువుదే. డల్లాస్‌లో తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఆదివారం పూట పెరట్లో కాల్చడానికి సంచుల్లో కొనుక్కునే కర్రకు వరసైన చెట్టును, అతని ఊళ్లో జేసీబీ పెట్టి పెకలిస్తుంటారు.

పెకలించడానికి కారణం ఉంది. చెరువులు, బీళ్లు, కాల్వగట్లు అన్నిటినీ అది ఆక్రమించింది. దాని నీడలో మరో మొక్క బతకడం కష్టం. ఆకు మేక ముట్టదు కానీ కాయ ఇష్టంగా తింటుంది. గింజలు అరగకుండా పెంటికలతో పాటు ఊరంతా పడతాయి. ఆ మేకే చివరికి ఆ చెట్టు బొగ్గు మీదికి చేరుతుంది. తమిళనాడులో దీన్ని తొలగించాలని 2017లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ఆదేశించింది. పరాయి జాతి మొక్కల నిర్మూలనకు 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఓ విధానమే తెచ్చింది. అయినా చెట్టు అక్కడే ఉంది. ఎందుకంటే దాన్ని నమ్ముకుని బొగ్గు వ్యాపారం ఉంది. హోటళ్లు, ఇస్త్రీ బండ్లు, చాయ్ దుకాణాలు. కొబ్బరి చిప్పల బొగ్గు కొంత వాడినా, దక్షిణాది జాలీల కింద ఎక్కువగా ఎర్రబడేది ఈ తుమ్మే.

బొగ్గు చేయడం చూడ్డానికి తేలిక. కొట్టిన కర్రను కుప్పగా పేర్చి, గడ్డి కప్పి, పైన మట్టి మెత్తి, ఓ కన్నం గుండా నిప్పు పెడతారు. గాలి తగిలితే అంతా బూడిదే. అందుకే రోజుల తరబడి రాత్రీ పగలూ కాపలా కాయాలి. ఎక్కడ పగులు కనబడినా మట్టి మెత్తాలి. నాలుగైదు కిలోల కర్రకు కిలో బొగ్గు వస్తే గొప్ప. ముళ్లు గుచ్చుకునే చేతులు, పొగ తాగే ఊపిరితిత్తులు ఎవరివన్నది అసలు ప్రశ్న.

తమిళనాడు ఉత్తర జిల్లాల్లో ఆ చేతులు చాలాచోట్ల ఇరుళ తెగవారివి, నెల్లూరు పరిసరాల్లో యానాదులవి. భూమి లేదు, ఇంటిస్థలం లేదు, చాలామందికి కాగితాలూ లేవు. ఆస్పత్రికో పెళ్లికో అడ్వాన్సు తీసుకుంటే కుటుంబమంతా పనిలోకి దిగుతుంది. కూలి లెక్క, బాకీ లెక్క రెండూ యజమాని పుస్తకంలోనే. కర్ర కొట్టే పనుల నుంచి, రైసు మిల్లుల నుంచి, ఇటుక బట్టీల నుంచి ఇరుళ కుటుంబాలను తమిళనాడు రెవెన్యూ అధికారులు విడిపించిన ఉదంతాలు పదేపదే వార్తలకెక్కాయి. 2025లో తిరుపతి జిల్లాకు చెందిన ఓ యానాది కుటుంబం బాతులు మేపే పనికి కుదిరి, అప్పుకు పూచీగా వదిలివెళ్లిన కొడుకును పోగొట్టుకుంది.

చట్టం కొత్తదేమీ కాదు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది 1976లో. కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించుకున్నా అది రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన బలవంతపు చాకిరీయేనని 1982లో సుప్రీంకోర్టు తేల్చింది. 2016 నాటి కేంద్ర పథకం కింద విడుదలైన వయోజనుడికి లక్ష రూపాయల నుంచి, అతి ఘోరమైన కేసుల్లో రూ.3 లక్షల వరకు పునరావాస సాయం అందాలి. చేతికి వెంటనే వచ్చేది మాత్రం తక్షణ సాయమే: తొలుత రూ.20 వేలు, తర్వాత రూ.30 వేలకు పెంచారు. పూర్తి మొత్తం యజమానికి శిక్ష పడటంతో ముడిపడి ఉంది. కోర్టులో వాయిదాలు నడిచినన్నాళ్లూ తినడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. మళ్లీ అడ్వాన్సు.

ముదలియార్‌పేటకు ఈ లెక్కలు బాగానే తెలియాలి. 1898లో మొదలై 2020లో మూతపడిన ఆంగ్లో ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్ మిల్లు ఉన్నది కడలూరు రోడ్డు మీదే. 1936 జూలై 30న పుదుచ్చేరి మిల్లు కార్మికుల సమ్మెపై ఫ్రెంచి పోలీసులు జరిపిన కాల్పుల్లో 12 మంది చనిపోయారు. మరుసటి ఏడాది ఫ్రెంచి ఇండియాలో ఎనిమిది గంటల పనిదినం వచ్చింది. బట్టీ కాపలాకు ఇప్పటికీ గంటల లెక్క లేదు.

ఒంగోలు, గుంటూరు, బెజవాడ. జాతీయ రహదారి పక్క దాబాల్లో తందూరీ ఒకేలా ఉంటుంది. రంగు ఎక్కువ, రుచి తక్కువ. రావులపాలెం దగ్గర పక్కకు తిరిగి అమలాపురం మీదుగా, ఎదుర్లంక వద్ద గౌతమి మీది బాలయోగి వారధి దాటితే యానాం. నిప్పుల మీది రుచి కోసం ఇంత దూరం వచ్చినవాళ్లకు ఇక్కడ నిరాశే. గోదావరి మనిషి చేపను కాల్చడు, పులుసు పెడతాడు. పులసను జాలీ మీద పెట్టమంటే గొడవలవుతాయి.

మారేడుమిల్లి సంగతి వేరు. రాజమండ్రి నుంచి 80 కి.మీ. పైచిలుకు, చివర్లో ఘాట్ రోడ్డు. పచ్చి వెదురును ఒక కణుపు అడుగుగా ఉండేలా నరికి, ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన కోడిముక్కలు కూరి, మూతిని ఆకులతో బిగించి, కర్ర మంటలో తిప్పుతూ కాలుస్తారు. చుక్క నూనె పడదు. వెదురులోని తడికే ముక్క ఉడుకుతుంది, పొగ లోపలికి పోదు. కాబట్టి బార్బెక్యూ పండితులు దీన్ని ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే నష్టం వాళ్లకే. చీల్చిన బొంగులోంచి ఆకు మీదికి జారే ఆ ముక్క ముందు ఈ దారిలో తిన్నవన్నీ దిగదుడుపే. రోడ్డు పక్క పాకలో తినాలి. రిసార్టుల్లో ఇదే బొంగులో ముందే వండిన కూరను నింపి తెచ్చేవాళ్లూ ఉన్నారు.

కొండరెడ్లు, కోయల వంట ఇది. ఇప్పుడు హైదరాబాద్ హోటళ్ల దాకా వెళ్లింది. కాలిన బొంగు రెండోసారి పనికిరాదు, అందువల్ల వంట పెరిగేకొద్దీ వెదురు కావాలి. అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం వెదురు చిన్నతరహా అటవీ ఉత్పత్తి. దాన్ని సేకరించి అమ్ముకునే హక్కు అడవిలో ఉండేవారిది. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా మెండా లేఖా గ్రామసభ 2011లో వెదురు రవాణా పర్మిట్లు తానే ఇచ్చే అధికారం సాధించింది. 2017లో కేంద్రం వెదురును చెట్ల జాబితా నుంచి తప్పించిందని అందరూ చెబుతారు. అది వర్తించేది అడవి బయట పెంచిన వెదురుకే. అడవి వెదురుకు దారి గ్రామసభే. మారేడుమిల్లిలో కోడికి, మసాలాకు, మంట దగ్గర కూర్చున్న మనిషికి ఇంతని ధర కట్టొచ్చు. బొంగు లెక్క ఏ గ్రామసభ పుస్తకంలో పడుతోందో అడిగి చూడండి.