ప్యాక్‌మాన్ మీ మాట వినడం లేదా?

మధ్యాహ్నం పనులన్నీ తెమిలాక పిల్లల కంప్యూటర్ ముందు కూర్చుని ప్యాక్‌మాన్ ఆడబోతే, రెండు నిమిషాలకే దెయ్యాలకు చిక్కిపోతున్నారా? "ఇవన్నీ మనకెక్కడొస్తాయిలే" అని లేచిపోకండి. తప్పు చాలాసార్లు మీ చేతులది కాదు, మీటలది!

ఈ పాత ఆటలు మొదట నాణెం వేసి ఆడే పెద్ద మెషీన్ల కోసం పుట్టాయి. ఏ ఆటకు ఏది వీలో అదే బిగించారు. 1976లో వచ్చిన బ్రేకవుట్‌కి గుండ్రంగా తిప్పే నాబ్. 1979 నాటి ఆస్టరాయిడ్స్‌కి అయిదు బటన్లు. 1980లో వచ్చిన ప్యాక్‌మాన్‌కి నాలుగు వైపులా కదిలే జాయ్‌స్టిక్ ఒక్కటే. ఆడవాళ్లు కూడా ఇష్టపడాలనే దాన్ని తిండి చుట్టూ అల్లానని రూపకర్త తోరు ఇవాతాని చెప్పారు. 1981 నాటి సెంటిపీడ్‌ని తయారు చేసినవారిలో డోనా బెయిలీ అనే మహిళ ఉన్నారు. ఆ జెర్రి ఆటకు అరచేత్తో దొర్లించే బంతి పెట్టారు.

కంప్యూటర్‌లోకి వచ్చేసరికి అన్నింటికీ కీబోర్డే దిక్కయింది. అట్లకాడ ఉండగా గరిటెతో అట్టు తిప్పితే ముక్కలవదూ? అందుకే ఆటలోని సెట్టింగ్స్‌లో 'కంట్రోల్స్' తెరిచి, వీలుంటే ఇలా మార్చుకోండి.

ప్యాక్‌మాన్: బాణం గుర్తుల కీలు చాలు. మలుపు దాకా ఆగకుండా కాస్త ముందే నొక్కండి. అసలు ఆటలో అలా చేస్తే ప్యాక్‌మాన్ మూల కోసుకుని వెళ్తుంది. దెయ్యాలకు ఆ వీలు లేదు!

బ్రేకవుట్, సెంటిపీడ్: మౌస్ వాడండి. కీ నొక్కితే సాధారణంగా ఒకటే వేగం. మౌస్ అయితే మీ చెయ్యి ఎంత వేగంగా కదిలితే అంత.

ఆస్టరాయిడ్స్: భారం రెండు చేతులకూ పంచండి. ఎడమచేత్తో ఓడను తిప్పడం, కుడిచేత్తో నడపడం, కాల్చడం. పాత మెషీన్‌లోనూ అంతే.

కొన్ని కీబోర్డులు మూడు కీలు ఒకేసారి నొక్కితే ఒకదాన్ని మింగేస్తాయి. అప్పుడు వేరే కీలు ఎంచుకోండి.

మణికట్టు గాలిలో వేలాడకుండా, వంగకుండా చూసుకోండి. నొప్పి అనిపిస్తే ఆట ఆపేయాల్సిందే.

ఈసారి పిల్లలు "అమ్మా, నీకు రాదులే" అంటే, ముందు ఆ కంట్రోల్స్ పేజీ తెరవమనండి. ఆ తర్వాత చూద్దాం ఎవరికి రాదో!