ఓడ ఒకటే... డబ్బులు నాలుగు రకాలు!

ఇదివరకు మనవైపు ఎవరైనా సింగపూర్ వెళ్ళొచ్చారంటే వీధంతా వింతగా చెప్పుకునేవారు. ఇప్పుడు కంకిపాడు, ఉయ్యూరుల నుంచి కూడా నాలుగైదు కుటుంబాలు కలిసి ఓడ ప్రయాణాలకు బయల్దేరుతున్నాయి. పెట్టెలో కందిపొడి ఎంత, గోంగూర పచ్చడి ఎంత అన్నది మనకెవరూ చెప్పనక్కర్లేదు. డబ్బు దగ్గరకొచ్చేసరికి మాత్రం "ఆయన చూసుకుంటార్లే" అనేస్తాం.

2024 నవంబరులో మేమూ, మా బావగారి కుటుంబమూ సింగపూర్‌లో ఓడెక్కి మలేషియాలోని పెనాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ చూసొచ్చాం. దేశాలు మూడే. డబ్బులు మాత్రం నాలుగు రకాలు. సింగపూర్ డాలరు, రింగిట్, బాట్ సరే, ఓడలో బిల్లేమో అమెరికా డాలర్లలో!

పాత బంగారమిచ్చి కొత్త నగ చేయించుకుంటే తరుగు పోతుందని మనకు తెలుసు. నోట్లు మార్చుకోవడమూ అంతే. కొనే రేటు వేరు, అమ్మే రేటు వేరు. రూపాయిని డాలరు చేసి, డాలరును బాట్ చేసి, మిగిలింది మళ్ళీ రూపాయి చేస్తే మూడుసార్లు తరుగు. అందుకని ఎక్కడ నోట్లు కావాలో, ఎక్కడ అక్కర్లేదో ముందే అనుకోవాలి.

ఓడలో నోట్లతో పనే లేదు. ఎక్కేటప్పుడు తలా ఒక కార్డు ఇస్తారు. కాఫీ తాగినా, ఫొటో కొన్నా అందులో రాసుకుని చివరి రోజు లెక్క తేలుస్తారు. సిబ్బందికి టిప్పులని మనిషికి రోజుకింత కలుపుతారు, అది టిక్కెట్టులో ఉందో లేదో ముందే అడగండి. ఈ ఖాతాకు క్రెడిట్ కార్డు ఇవ్వడమో, నగదు డిపాజిట్ కట్టడమో మేలు. ఫారెక్స్ కార్డు ఇస్తే మనం వాడినా వాడకపోయినా కొంత సొమ్ము ఆపి ఉంచుతారు. అది వదిలేసరికి రోజులు పడుతుంది, ఈలోగా ఒడ్డున చేతిలో కార్డున్నా లాభం ఉండదు.

ఒడ్డున దిగాకే చిల్లర కావాలి. ఫుకెట్‌లో టుక్‌టుక్ వాళ్ళకు బాట్ నోట్లే ఇవ్వాల్సొచ్చింది. పెనాంగ్ రేవు నుంచి లిటిల్ ఇండియాకు నడిచి వెళ్ళొచ్చు, అక్కడ టీకీ, పూలకీ రింగిట్లు చాలు. ఈ రెండూ సింగపూర్‌లోనే కొద్దికొద్దిగా మార్చుకున్నాం. థాయ్‌లాండ్‌లో మన కార్డుతో ఏటీఎంలో తీస్తే ప్రతిసారీ రెండొందల బాట్‌లకు పైనే రుసుము. అప్పటి లెక్కలో అది ఐదొందల రూపాయల మాట!

ఇంకొకటి. దుకాణంలో కార్డు గీసినప్పుడు యంత్రం "రూపాయల్లోనా, బాట్‌లలోనా?" అని అడుగుతుంది. రూపాయల మాట కనబడగానే మనకు ప్రాణం లేచొస్తుంది. నొక్కకండి. రేటు వాళ్ళిష్టం. ఆ దేశం డబ్బునే ఎంచుకోవాలి.

అసలు నేను రాయాలనుకున్నది మా తోడికోడలి గురించి. ఆవిడ గేదెపాల డబ్బులు కూడబెట్టి, తన పాస్‌పోర్టు, తన పాన్ కార్డు పెట్టి బెజవాడలో తన పేరునే ఫారెక్స్ కార్డు తీసుకుంది. "ఒక ఇంటికి రెండు కార్డులెందుకు?" అని మా బావగారు నవ్వారు. పాటాంగ్ బీచిలో మగవాళ్ళు పడవెక్కి షికారు వెళ్ళిన రెండు గంటలూ, మాతో వచ్చినవాళ్ళలో ముగ్గురు ఆడవాళ్ళు కొబ్బరిబొండాం కొనుక్కోవడానికి కూడా లేక ఎండలో కూర్చున్నారు. అందరికీ ఆవిడే ఇప్పించింది. వాళ్ళలో ఒకామె బ్యాంకు ఉద్యోగిని!

రిజర్వు బ్యాంకు పరిమితి కుటుంబానికి కాదు, మనిషికి. ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా, అందులో నోట్ల రూపంలో ఈ దేశాలకైతే ప్రయాణానికి 3,000. 1970లలో విదేశం వెళ్ళేవాళ్ళ చేతిలో 8 డాలర్లే పెట్టేవారట, ఆ రోజుల్లో ఆడవాళ్ళకు వేరే పర్సెక్కడిది! కొనేటప్పుడు 50,000 రూపాయలు దాటితే నగదు తీసుకోరు, చెక్కో కార్డో ఇవ్వాలి. టూరు ప్యాకేజీ మీద టీసీఎస్ అని కోస్తారు. ఆ రేటు బడ్జెట్లను బట్టి మారుతుంది గానీ, కోసింది ఎవరి పాన్ మీద ఉంటే వాళ్ళు రిటర్నులో చూపి సర్దుబాటు చేసుకోవచ్చు. రసీదు పారేయకండి.

తిరిగొచ్చాక 2,000 డాలర్ల విలువ దాకా నోట్లు ఇంట్లో ఉంచుకోవచ్చు, ఆపై మిగిలింది 180 రోజుల్లో మార్చేయాలి. నాణేలు మాత్రం ఎవరూ తీసుకోరు, ఓడెక్కేలోపే ఖర్చుపెట్టండి. మా తోడికోడలు ఆఖరి బాట్ నాణేలతో రేవు దగ్గర వేయించిన వేరుశనక్కాయలు కొంది. మన కంకిపాడు కాయలంత రుచి లేవు.