నెల్లూరు నుంచి నాటాల్ దాకా: మిషనరీ కుటుంబాల కథ

హాస్టల్లో దిగబెట్టి నాన్న బస్సెక్కిన ఆ మొదటి సాయంత్రం ఏడవని వాళ్లు మనలో ఎవరున్నారు? రేకుపెట్టె, కంచం, గ్లాసు, దుప్పటి, వాటితోపాటు ఇంటి మీద బెంగ. ఆ బెంగ తెలిసిన వాళ్లం కాబట్టే ఈ వ్యాసం రాస్తున్నాం.

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి వాళ్లం మేమే. తాతది వేలిముద్ర. నాయనమ్మకు మాత్రం సంతకం వచ్చు. ఎక్కడ నేర్చావని అడిగితే "దొరసానమ్మ బళ్లో" అనేది. ఆ దొరసానమ్మ ఎవరు? అంత దూరం నుంచి ఎందుకొచ్చింది? ఆమె పిల్లలు ఎక్కడ చదివారు? పీజీకి వచ్చి లైబ్రరీలో కూర్చున్నాకగాని మాకు జవాబులు దొరకలేదు. దొరికినవి మీతో పంచుకుంటున్నాం.

మిషనరీ అంటే ఎవరు?

తన మతాన్ని బోధించడానికి సంఘం పంపగా పరాయి దేశం వెళ్లిన మనిషి మిషనరీ. జీతం స్వదేశంలోని సంఘాల చందాల నుంచి వస్తుంది. వెళ్లినచోట మొదటి పని భాష నేర్చుకోవడం. మునిషీని పెట్టుకుని అ, ఆ ల దగ్గర మొదలుపెట్టాలి. కొన్నేళ్లకోసారి సెలవు మీద స్వదేశం వెళ్తారు. ఆ సెలవులో కూడా ఊరూరా తిరిగి తమ పని గురించి చెప్పి చందాలు కూడగట్టాలి.

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ కు 1840లో నెల్లూరు కేంద్రమైంది. చాలా ఏళ్లు ఫలితం లేదని, ఈ మిషన్ మూసేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. మూయకుండా ఉంచినవాళ్లు దానికి 'ఒంటి నక్షత్రం' అని పేరు పెట్టుకున్నారు. 1864 చివర్లో ఓడెక్కి 1865లో ఇక్కడికి చేరిన జాన్ క్లౌ, ఆయన భార్య హారియెట్ ఆ తరువాత ఒంగోలులో స్థిరపడ్డారు. అప్పటికి సూయజ్ కాలువ లేదు. ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాలి. నెలల తరబడి ప్రయాణం.

పేరు లేని పని

మిషన్ పుస్తకాల్లో పెద్ద పేర్లన్నీ మగవాళ్లవే. కాని ఆడపిల్లల బడి, బోర్డింగు, ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లకు చదువు చెప్పడం, రోగులకు మందులివ్వడం ఎక్కువగా భార్యల చేతుల మీదే నడిచాయి. జీతం భర్తకు, పని ఇద్దరికీ. పెళ్లి చేసుకోకుండా వచ్చిన స్త్రీలూ ఉన్నారు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఆడవాళ్ల వైద్యానికే జీవితం ఇచ్చారు. 1930లో ఇక్కడే కన్నుమూశారు.

ఈ జీవితానికి మూల్యం కూడా పెద్దదే. 1793లో బెంగాలుకు వచ్చిన విలియం కేరీ పేరు మనం చదువుకున్నాం. ఆయన భార్య డొరొతి గురించి చదవలేదు. మొదట రానని చెప్పి, చివరికి పిల్లలతో బయలుదేరిందామె. మరుసటి ఏడే అయిదేళ్ల కొడుకు పీటర్ జబ్బుతో చనిపోయాడు. తరువాత ఆమెకు మతి చలించింది. కోలుకోకుండానే 1807లో మరణించింది. గొప్ప పనుల వెనక ఇలాంటి కన్నీళ్లుంటాయి.

వాళ్ల పిల్లలకూ హాస్టలే

మిషనరీల పిల్లలు కాస్త పెద్దయ్యాక చదువుకోసం ఇల్లు విడవాల్సి వచ్చేది. చాలామందిని స్వదేశంలో బంధువుల దగ్గర వదిలేవారు. ఉత్తరం పోయి జవాబు రావడానికి వారాలు, నెలలు. 1901లో కొడైకెనాల్ లో అమెరికన్ మిషనరీలు తమ పిల్లల కోసం స్కూలు పెట్టారు. అదీ బోర్డింగే.

రాణిపేటలో 1870లో పుట్టిన ఐడా స్కడర్ ను అమెరికాలో వదిలి తల్లిదండ్రులు తిరిగి ఇండియాకు వచ్చేశారు. తాను మాత్రం మిషనరీ కానని ఆమె అనుకుంది. తరువాత తల్లిని చూడటానికి వచ్చినప్పుడు, ఒకే రాత్రి ముగ్గురు గర్భిణీలు కాన్పు కష్టమై చనిపోయారు. మగ డాక్టరును వాళ్ల ఇంటివాళ్లు రానివ్వలేదు. ఆమె వెళ్లి డాక్టరు చదివి వచ్చి వేలూరులో ఆసుపత్రి మొదలుపెట్టింది. 1918లో ఆడపిల్లలకు వైద్య విద్య ప్రారంభించింది. ఇప్పుడు మన జిల్లాల నుంచి ఎంతోమంది వెళ్లే వేలూరు ఆసుపత్రి అదే.

కరువులో కాలువ

1876-78 కరువులో క్లౌ బకింగ్ హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. మిగతా చోట్ల మేస్త్రీలు మాదిగలను వేధించేవారు. ఇక్కడ వాళ్ల మనుషులే మేస్త్రీలు, కూలీ సరిగా చేతికొచ్చేది. తిండికోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పనులు నడిచినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. పనులు ముగిశాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

తప్పొప్పులు రెండూ చెప్పుకోవాలి. దొరల బంగళాకు, మన బోధకుల గుడిసెకు చాలా తేడా ఉండేది. పెత్తనం చాలాకాలం తెల్లవాళ్ల దగ్గరే ఉంది. మతం మారినా కులం పోలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రాల్లో వాళ్లు బి.సి.-సి. ఆ ఒక్క అక్షరం సీట్లను ఎలా తారుమారు చేస్తుందో అడ్మిషన్ల రోజుల్లో క్యూలో నిలబడ్డ మనకు వేరే చెప్పాలా?

మనవాళ్లూ వెళ్లారు

మిషనరీ అంటే తెల్లవాడే అనుకున్నాం. కాదు. 1860 నుంచి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నాటాల్ కు ఒప్పంద కూలీలుగా లక్షన్నర మందికి పైగా వెళ్లారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. అయిదేళ్ల ఒప్పందం, మగవాళ్లకు మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగుల జీతం. వాళ్ల కోసం తెలుగు బాప్టిస్టు సంఘాలు తమ చందాలతో 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్యను నాటాల్ పంపాయి. కియర్స్‌నీ తేయాకు తోటల ప్రాంతంలో ఆయన తెలుగు సంఘం స్థాపించాడు. అక్కడే పనిచేసి 1915లో మరణించాడు. ఒకప్పుడు మూసేద్దామనుకున్న మిషన్ నుంచే ఒక తెలుగువాడు సముద్రం దాటి వెళ్లాడు!

చివరగా

నాయనమ్మ ఇప్పుడు లేదు. ఆమె సంతకం ఒకటి పాత రేషన్ కార్డు మీద ఉంది. వంకరటింకర అక్షరాలు. ఆ అక్షరాల వెనక ఎవరో తల్లి తన బిడ్డను దూరంగా వదిలి వచ్చిందని తెలిశాక మాకు కోపం, కృతజ్ఞత రెండూ కలిగాయి. రెండూ నిజమే. ఎవరినీ దేవుళ్లను చేయొద్దు, ఎవరి మేలునూ మరవొద్దు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రంగయ్య వెళ్లింది తన మతం చెప్పడానికి. మనలో ఏ మతం వాళ్లమైనా చేయగల పని ఒకటుంది. ఈ సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు మీ అవ్వనో తాతనో అడగండి, మొదటి అక్షరం ఎవరు దిద్దించారని. ఎవరూ దిద్దించలేదంటే, పలకా బలపం తెచ్చి మీరే కూర్చోబెట్టండి.