బెంగకు బిళ్లలున్నాయా?

నిద్ర పట్టదు. గుండె దడదడలాడుతుంది. అరచేతులు చెమటలు పడతాయి. 'ఏదో నీరసంలే' అనుకుంటూ మందుల షాపుకెళ్లి బలం బిళ్లలు తెచ్చుకుంటారు. విటమిన్లు, మూలికలు నిజంగానే మనసును నెమ్మదింపజేస్తాయా? చేస్తే ఎవరికి? ఎంతవరకు? పడమటి కర్నూలు తిండినీ, బతుకునీ కాస్త పరిశీలిస్తే ఈ ప్రశ్నకు ఆసక్తికరమైన జవాబులే దొరుకుతాయి.

ఆదోని అంటే పత్తి. ఎమ్మిగనూరు అంటే మగ్గం. ఒకప్పుడు రెండో బొంబాయి అనిపించుకున్న ఆదోనిలో ఈనాటికీ యార్డులో పత్తి ధర క్వింటాకు నాలుగొందలు తగ్గితే చుట్టుపక్కల పల్లెల్లో ఆ రాత్రి నిద్ర తగ్గుతుంది. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టి వందల కుటుంబాలకు దారి చూపించిన ఎమ్మిగనూరులో మగ్గం ఆడినంతకాలం ధైర్యం, ఆగితే దిగులు. ఇక కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు వానలు మొహం చాటేస్తే 'సుగ్గి' తప్పదు. ముసలివాళ్లనూ పిల్లల్నీ ఇంట్లో వదిలి గుంటూరు మిరప చేలకో, తెలంగాణ పత్తి చేలకో బయల్దేరాల్సిందే.

ఇలాంటి చోట బెంగ ఉండటంలో వింతేముంది? ఇక్కడివాళ్లు దాన్ని 'యోచన' అంటారు. 'ఊరికే యోచన చేయొద్దు, తిని పండుకో' అన్నది ప్రతి ఇంట్లో వినిపించే మాటే. అయితే ఎంత తిన్నా, ఎంతసేపు పడుకున్నా వదలని యోచన కూడా ఒకటుంటుంది. అదే ఆందోళన జబ్బు. కారణం ఉన్నా లేకున్నా నెలల తరబడి గుబులు, దడ, కండరాల బిగువు, చిరాకు, నిద్రలేమి వెంటాడుతుంటే అది ధైర్యం చాలకపోవడం కాదు. వైద్యం ఉన్న జబ్బు.

చిక్కేమిటంటే ఈ జబ్బు మనసులో పుట్టి ఒంట్లో కనబడుతుంది. అందుకే చాలామంది మొదట వెళ్లేది మానసిక వైద్యుడి దగ్గరికి కాదు, ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి. అక్కడ ఒక బలం సూది, ఒక సెలైన్ సీసా, పది బీకాంప్లెక్స్ బిళ్లలు. రెండ్రోజులు బాగున్నట్టే ఉంటుంది. మూడో రోజు మళ్లీ దడ! ఈమధ్య వీటికి కొత్త డబ్బాలు తోడయ్యాయి. అశ్వగంధ క్యాప్సూల్స్, మెగ్నీషియం, చేపనూనె, 'ఒత్తిడి మాయం' అంటూ సెల్‌ఫోన్‌లో కనిపించే పొడులు... కూలి డబ్బులో కొంత వీటికీ పోతోంది.

జొన్నరొట్టె చెప్పిన కథ

విటమిన్‌కూ మనసుకూ సంబంధమే లేదా అంటే, ఉంది. దానికి రుజువు దొరికింది జొన్న తినే ఈ దక్కను నేలమీదే.

ఒకప్పుడు ఈ మెట్ట ప్రాంతాల పేదలకు మూడు పూటలా జొన్నే ఆధారం. రొట్టె, సంకటి, దానిమీద కాస్త కారం. ఏటా కొంతమందికి మెడ చుట్టూ, ముంజేతుల మీద, ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పొలుసులు లేచేది. విరేచనాలు పట్టుకునేవి. వాటితోపాటే నిద్ర పట్టకపోవడం, చిరాకు, దిగులు, అకారణ భయం. ముదిరితే మతి చలించేది. ఆ జబ్బు పేరు పెల్లాగ్రా. నియాసిన్ అనే బి3 విటమిన్ లోపంవల్ల వస్తుంది.

ఇతర దేశాల్లో అది మొక్కజొన్న తినేవారి జబ్బు. మరి ఇక్కడ జొన్న తినేవారికి ఎందుకొస్తోంది? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో కొలుత్తూర్ గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య ఈ చిక్కుముడి మీద పనిచేశారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువనీ, శరీరం నియాసిన్‌ను తయారు చేసుకుని వాడుకునే పనికి అది అడ్డుపడుతుందనీ 1960లో ప్రతిపాదించారు. వైద్యం మాత్రం చాలా సులువు. నియాసిన్ బిళ్లలు ఇస్తే చాలు, ఒంటిమీది మచ్చలకన్నా ముందే మనసు తేరుకునేది! కొద్దిరోజుల్లోనే నిద్ర పట్టేది, భయం తగ్గేది.

తర్వాతి కాలంలో చౌకబియ్యం పల్లెపల్లెకూ చేరి, తిండి మారడంతో పెల్లాగ్రా దాదాపు కనుమరుగైంది. జొన్న చెడ్డదని దీనర్థం కాదు. పప్పు, ఆకుకూర, పాలు, వేరుశనగ తోడుంటే జొన్నరొట్టెకు తిరుగులేదు. వేరుశనగలోనైతే నియాసిన్ దండిగా ఉంటుంది. ఒక్క జొన్నతోనే కడుపు నింపుకోవాల్సిన పేదరికమే అసలు దోషి.

ఈ కథ చెప్పే నీతి ఒకటే. లోపం ఉన్నవాడికి విటమిన్ అమృతం. లోపం లేనివాడికి అదే బిళ్ల మామూలు బిళ్ల.

రక్తం తక్కువైతే దడ ఎక్కువ

పెల్లాగ్రా పోయినా లోపాలన్నీ పోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ప్రతి పదిమందిలో సుమారు ఆరుగురు! రక్తం తక్కువైతే గుండె వేగంగా కొట్టుకుంటుంది. మెట్లెక్కితే ఆయాసం. కళ్లు తిరుగుతాయి. చేయబుద్ధి కాదు. ఇవన్నీ అచ్చం ఆందోళన లక్షణాల్లాగే ఉంటాయి. ఇలాంటి మహిళకు కావాల్సింది ఒత్తిడి తగ్గించే ఖరీదైన డబ్బా కాదు. ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగా ఇచ్చే ఐరన్-ఫోలిక్ యాసిడ్ బిళ్ల.

ఆ బిళ్లలోని ఫోలిక్ యాసిడ్ వెనుక ఓ తెలుగువాడి కష్టం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో 1940లలో తన బృందంతో కలిసి దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే దారి కనుక్కున్నారు. తోడబుట్టినవాళ్లను స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టనపెట్టుకోవడం కళ్లారా చూసిన మనిషి ఆయన.

బి12 సంగతి మరొకటి. ఇది మాంసం, చేప, గుడ్డు, పాలల్లోనే ఉంటుంది. శాకాహారులైవుండి పాలు, పెరుగు కూడా అంతంతమాత్రంగా తీసుకునేవారికి, ఏళ్ల తరబడి షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవారికి ఇది తగ్గే అవకాశం ఉంది. తగ్గితే కాళ్లూ చేతుల తిమ్మిర్లు, మతిమరుపు, దిగులు. రక్తపరీక్షలో తేలిపోతుంది. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా దడ, వణుకు, గాబరా వస్తాయి. అందుకే బిళ్ల కొనేముందు ఒకసారి హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12, షుగరు చూపించుకోవడం తెలివైన పని.

లోపం లేనివారి మాటేమిటి?

బ్రిటన్‌లోని రెడింగ్ యూనివర్సిటీ పరిశోధకులు 300 మందికి పైగా యువతీ యువకులతో చేసిన ఓ ప్రయోగం ఫలితాలు 2022లో వచ్చాయి. రోజువారీ అవసరానికి సుమారు 50 రెట్లు బి6 విటమిన్‌ను నెలరోజులు తీసుకున్నవారు తమ ఆందోళన తగ్గిందని చెప్పారు. అయితే ఆ తగ్గుదల స్వల్పమే. బి12 తీసుకున్నవారిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇది చదివి బి6 డబ్బా కొనుక్కుంటే పొరపాటే. అంత మోతాదులో నెలల తరబడి వాడితే నరాలు దెబ్బతిని కాళ్లు తిమ్మిరెక్కే ప్రమాదం ఉంది.

చేపనూనెలోని ఒమేగా-3 గురించి 2018లో 11 దేశాల నుంచి 2,240 మంది పాల్గొన్న 19 ప్రయోగాలను కలిపి చూశారు. ఏదో ఒక జబ్బుతో ఉన్నవారిలో, అదీ ఎక్కువ మోతాదులో తీసుకున్నప్పుడు ఆందోళన కొంత తగ్గింది. అవిసె గింజల పొడి ఇక్కడివారికి కొత్తేమీ కాదు. ఒంటికి మంచిదే. కానీ అవిసెలో ఉండే ఒమేగా-3 వేరు రకం. అది చేపనూనె రకంగా మన ఒంట్లో మారేది చాలా తక్కువ. మెగ్నీషియం మీద వచ్చిన పరిశోధనలు ఇంకా బలహీనంగానే ఉన్నాయి. ఆకుకూరలు, సజ్జలు, వేరుశనగ, నువ్వులు తినే ఇంట్లో దానికోసం డబ్బా అవసరం పడదు.

పెన్నేరు మంచిదేనా?

మూలికల్లో అందరి నోటా వినిపించే పేరు అశ్వగంధ. తెలుగులో పెన్నేరు. రాయలసీమ నల్లరేగడి భూముల్లో దీన్ని పండించే రైతులూ ఉన్నారు. ఆయుర్వేదం దీని వేరును బలానికీ, నిద్రకూ వాడుతూ వచ్చింది.

దీనిమీద ప్రపంచమంతా ఉదహరించే ప్రయోగాల్లో ఒకటి మన హైదరాబాద్‌లోనే జరిగింది. ఆశా హాస్పిటల్ వైద్యులు ఒత్తిడితో ఉన్న 64 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు అశ్వగంధ వేరు సారం 300 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, మరో జట్టుకు మందులేని ఉత్త క్యాప్సూల్ 60 రోజులపాటు ఇచ్చారు. ఎవరికి ఏది అందుతోందో వాళ్లకు తెలియదు. అశ్వగంధ జట్టులో ఒత్తిడి మార్కులు, రక్తంలో కార్టిసాల్ బాగా తగ్గాయి. 2012లో అచ్చయిన ఈ ఫలితాలు ఆశ పుట్టించేవే. కానీ 64 మంది, రెండు నెలలు... ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందో చెప్పడానికి ఇవి చాలవు.

ఇంకోవైపు, అశ్వగంధ వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్న సంఘటనలు వివిధ దేశాల నుంచి నమోదయ్యాయి. 2023లో డెన్మార్క్ ఏకంగా దీన్ని నిషేధించింది. గర్భిణులు, థైరాయిడ్ రోగులు, కాలేయ జబ్బులున్నవారు, నిద్రమాత్రలు వాడేవారు దీని జోలికి వెళ్లకూడదు. మిగతావారైనా వాడుతుండగా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపి డాక్టర్ని కలవాలి.

'మూలికే కదా, ఏం చేస్తుంది?' అనుకునేవారు సర్పగంధిని గుర్తు చేసుకోవాలి. దాని వేరు నుంచి 1952లో వేరుచేసిన రిసర్పిన్ బీపీకి, మతిభ్రమకు ప్రపంచమంతా వాడిన మందు. అదే మందు కొందరిని తీవ్రమైన దిగులులోకి నెట్టిందన్న ఫిర్యాదులూ వచ్చాయి. పనిచేసే ప్రతి మూలికా మందే. ప్రతి మందుకూ మోతాదుంటుంది.

డబ్బా కొనేముందు...

* లేబుల్ చదవండి. ఇలాంటి ఆహార అనుబంధాల మీద 'ఔషధంగా వాడటానికి కాదు' అన్న మాట ఉండాలి. అలాంటి డబ్బా జబ్బు నయం చేస్తుందని ప్రకటనిస్తే నమ్మొద్దు.

* 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి మామూలుగా వారానికి ఒకటి చొప్పున రాసేది. పొరపాటున రోజూ వాడి రక్తంలో కాల్షియం పెరిగి ఆస్పత్రి పాలైనవారున్నారు.

* ఇప్పటికే బీపీ, షుగరు, మూర్ఛ, మానసిక జబ్బుల మందులు వాడుతుంటే ఏ మూలికైనా డాక్టర్‌కి చెప్పే మొదలుపెట్టాలి.

* డాక్టర్ రాసిన మందు ఆపేసి దాని బదులు విటమిన్ వేసుకోవడం అన్నిటికంటే ప్రమాదం.

* రోజుకు ఐదారు టీలు తాగే అలవాటుంటే ముందు దాన్ని సగానికి తగ్గించి చూడండి. దడ తగ్గడానికి పైసా ఖర్చులేని ఉపాయమిది. దిగులు మరిచిపోదామని తాగే మందు మర్నాడు ఆ దిగులును రెట్టింపు చేస్తుంది.

వైద్యం దూరం కాదు

ఆందోళన జబ్బుకు బాగా నిరూపణ అయిన వైద్యాలు రెండున్నాయి. ఒకటి, ఆలోచనల తీరును మార్చే కౌన్సెలింగ్. రెండోది, డాక్టర్ పర్యవేక్షణలో మందులు. రోజూ నడక, వేళకు నిద్ర, మనసు విప్పి మాట్లాడే మనిషి వీటికి తోడైతే మేలు త్వరగా కనిపిస్తుంది.

మానసిక వైద్యాన్ని పల్లె ముంగిటికి తీసుకెళ్లొచ్చని దేశానికి చూపించింది కూడా ఆదోని పక్కనున్న బళ్లారి జిల్లానే. 1980లలో బెంగళూరు నిమ్హాన్స్ నిపుణులు అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకూ, సిబ్బందికీ శిక్షణనిచ్చి మనోవ్యాధుల్ని గుర్తించడం, మందులివ్వడం నేర్పారు. 'బళ్లారి నమూనా'గా పేరొచ్చిన ఆ ప్రయోగమే 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి పునాది.

ఇప్పుడు కర్నూలు సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. అంతదూరం వెళ్లలేనివారు, సుగ్గికి పోయి పరాయి ఊళ్లో ఉన్నవారు 14416 నంబరుకు ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవ ఇది. తెలుగులోనే మాట్లాడొచ్చు. రూపాయి ఖర్చుండదు. ముఖ్యంగా 'బతకాలని లేదు' అన్న మాట ఇంట్లో ఎవరి నోటైనా వస్తే బలం బిళ్లల కోసం వెతుకుతూ కూర్చోకూడదు. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా అదేరోజు వైద్యుడికి చూపించాలి.

పత్తి ధరనూ, వాననూ ఏ బిళ్లా మార్చలేదు. ఒంట్లో లోపముంటే పరీక్షతో తెలుస్తుంది, తక్కువ ఖర్చుతో తీరుతుంది. లోపం లేకున్నా దడ వదలకపోతే, దాన్ని నీరసమని సర్దిచెప్పుకోకుండా జబ్బని ఒప్పుకోవడమే వైద్యంలో మొదటి మోతాదు.