ఇన్సినరేటర్ నాజిళ్లపై పైపుల భారం: అనుమతించదగిన పరిమితి నిర్ణయం

పారిశ్రామిక ఇన్సినరేటర్ లోపలి పీడనం సాధారణంగా వాతావరణ పీడనానికి దగ్గరగానే ఉంటుంది. పీడనాన్ని మాత్రమే లెక్కిస్తే పలుచని ఉక్కు కవచం సరిపోతుంది. ఆ పలుచదనమే నాజిల్ వద్ద బలహీనతగా పరిణమిస్తుంది. 10 మీటర్ల కార్బన్ స్టీల్ పైపు ఉష్ణోగ్రత 200 డిగ్రీల సెల్సియస్ పెరిగితే దాని పొడవు సుమారు 24 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ వ్యాకోచానికి చోటు లేనప్పుడు బలాలు, భ్రామకాలు నాజిల్‌పైనే పడతాయి.

స్థానిక ప్రతిబలాలను 1965 నాటి డబ్ల్యూఆర్‌సీ 107వ బులెటిన్ పద్ధతిలో గణించడం పరిపాటి. అయితే అది ప్రధానంగా పీడన పాత్రలకు ఉద్దేశించినది. దాని జ్యామితీయ పరిధి దాటిన కవచానికి పరిమిత మూలక విశ్లేషణ తప్పదు. ప్రాథమిక స్థానిక పొర ప్రతిబలానికి పదార్థపు అనుమతి విలువకు 1.5 రెట్లు, ఉష్ణ వ్యాకోచాన్ని కలిపిన ప్రతిబల వ్యాప్తికి స్థూలంగా 3 రెట్లు హద్దుగా తీసుకుంటారు. బరువును, వ్యాకోచాన్ని ఒకే గాటన కట్టరాదన్నది ఇందులోని కీలకాంశం.

ఉక్కు ఈ పరీక్షలో నెగ్గినా సమస్య తీరినట్లు కాదు. లోపలి ఉష్ణనిరోధక ఇటుక పెళుసైనది. ఉక్కు సునాయాసంగా భరించే వంపుకే అది బీటలు వారవచ్చు. బీటలోంచి వేడి వాయువు కవచాన్ని తాకితే ఉక్కు ఉష్ణోగ్రత పెరిగి, బలం తగ్గి, పరిమితికి ఆధారమైన అనుమతి విలువే చెల్లకుండా పోతుంది. అందుచేత నాజిల్ వద్ద స్థానభ్రంశాన్ని, భ్రమణాన్ని కూడా లెక్కించి, ఇటుక పనితనం సహించే మేరకు భారాన్ని కుదించాలి.